వరుస

కాగితాలన్నీ సక్కగున్నయని ఇన్‌స్పెక్టరే అన్నడు.
లైసెన్సు, బదిలీ పర్మిషను, కమిషనర్ ఆఫీసు మొహరు,
నా సంతకం, అతని సంతకం,
తుపాకి ఒంటి మీది నంబరుతో సహా.
"నీకేం సంబంధం లేదు పెద్దాయనా, సాక్షివి, అంతే."
చాయ్ గూడ తెప్పిచ్చిండు.

ఇరవై రెండేండ్లు హబ్సిగూడ బ్యాంకు గడప కాడ
ఎత్తు స్టూలు మీద కూసుండి
దాన్ని మోకాళ్ల మీద పండవెట్టుకున్న.
డబుల్ బ్యారెల్, పన్నెండు బోరు,
మిలిట్రీ నుంచి వచ్చినంక కొన్నది.
ఒక్కనాడు పేల్చలే.
పెన్షన్ రోజు ముసలోళ్లకు ఫారాలు నింపిచ్చెటోన్ని.
పిల్లలు "తాతా, నిజం తుపాకేనా" అని తాకి సూసెటోళ్లు.
ఓసారి ఎలక్షన్లప్పుడు స్టేషన్ల జమ చేయమంటే చేసి
రసీదు పర్సుల మడిచి పెట్టుకున్న.
ఆ నెల రోజులు చేతులు
యాడ పెట్టుకోవాల్నో తెల్వలే.

కుడికన్ను మసకబారినంక అమ్మకానికి పెట్టిన.
నరోత్తం మల్కాజిగిరి గేటు దాటి మా గల్లీకి వచ్చిండు.
తెల్లంగి. చెప్పులు బయటనే విడిచిండు, మర్యాదస్తుడు.
ఘట్‌కేసర్ అవతల ఫాంహౌస్, అడివి పందుల బాధ, అన్నడు.
నమ్మిన.
నమ్ముడు గాదు,
నమ్మకుంటే పని పెరుగుతదని ఊకున్న.

ఒక్క మాట ఉన్నది, ఇన్‌స్పెక్టరుకు చెప్పలే.
గొట్టం ఎట్ల తుడవాల్నో చెప్తుంటే వింటలేడు,
ఏ నూనె అని అడుగలే,
"ఎంత దగ్గరుండాలె?" అన్నడు.
పందికా, అన్న.
నవ్విండు. నేను గూడ నవ్విన.
నోట్లు లెక్కవెడ్తున్న అప్పుడు,
నలభై మూడో, నలభై నాలుగో.
లెక్క తప్పుతదని తలెత్తలే.

ఆ పైసలతోనే కంటి పొర తీయిచ్చుకున్న.
ఇప్పుడు సాఫ్ కనవడ్తది, పేపర్ల
చిన్న అచ్చరాలు గూడ:
హద్దు కడీలు పాతుతున్న కూలి, ఓదెలు, ముప్పై ఒక్కటి.
భూమి అతనిది గాదు. తగాదా అతనిది గాదు.
పొద్దుగాల పనికి వచ్చిండు.
గడ్డపార నేలల దిగి నిలవడే ఉన్నదట.

సర్వర్ మియా మోండా మార్కెట్ల కత్తులమ్ముతడు.
"కత్తి అమ్మినోడు కోతకు జవాబు చెప్పాల్నంటే
దునియాల దుకాణాలన్నీ మూయాలె గదనే," అన్నడు.
నిజమే అనిపిచ్చింది.
చాయ్ సల్లారినంక ఆయననే మల్ల,
"ఓ పారి ఓ పోరడు వచ్చిండు, చెయ్యి వణుకుతున్నది.
మాల్ లేదన్న. నెత్తి మీద ఇరవై కత్తులు వేలాడుతున్నయి," అన్నడు.
గా మాట అన్నందుకు
వారం రోజులు ఆయనతోని మాట్లాడలే.

దశదినం నాడు ఉప్పల్ల బస్సు మారి పోయిన.
ఎందుకు పోయిన్నో అడగకు.
టెంటు కింద జనం తింటున్నరు.
ఎవరో రెక్క పట్టి కూసోబెట్టి ఇస్తారి ఏసిన్రు.
ఓ పెద్దమ్మ, తల్లో మేనత్తో,
చెంబుతోని గిలాసల నీళ్లు పోసుకుంట అడిగింది:
"నువ్వేమైతవయ్యా మా పోరనికి?"

మన దగ్గర అన్నిటికీ వరుసలున్నయి.
షడ్డకునికి ఉన్నది, యారాలికి ఉన్నది,
పొలంల పాలు పంచుకున్నోడు పాలోడు,
పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకుంటే
దానికి గూడ ఓ మాట ఉన్నది.
నా చేతుల కెళ్లి ఇంకోని చేతులకు పోయి
మూడోవాని పానం తీస్తే
మొదటోన్ని నేను
ఏమైత?

"ఏం గాను" అందామనుకున్న.
ఇన్‌స్పెక్టర్ అన్నది గదే, మొహరు గూడ ఉన్నది.
నోరు రాలే.
ఆమె జవాబు కోసం నిలవడ్డది, చెంబు వంచే ఉన్నది,
గిలాస నిండి, ఇస్తారి మీదికి పొర్లి,
ముట్టని అన్నం
తడుస్తున్నది.